బిందె అంచున దొరికిన పేరు

"వదినగారూ, మీ దస్తూరి బావుంటుంది. కాస్త మా తోటకొచ్చి రాసిపెడతారూ?" అంది మా పక్కింటి టీచరు, మొన్న నవంబరు 2న. అది సమాధుల పండుగ రోజు. ఇక్కడ అంబాజీపేటలో వాళ్ళ కొబ్బరితోట చివర పెద్దల సమాధులు పదకొండున్నాయి. విదేశంలో ఉన్న కొడుకు వంశవృక్షం రాసి పంపమన్నాడట. ఇంట్లోని పాత కాగితాలు, కుటుంబ బైబిలూ 1996 నవంబరు 6 తుఫానులో తడిసి ముద్దయిపోయాయి. మిగిలినవి ఆ రాళ్ళే.

మగవాళ్ళ రాళ్ళమీద పేరు, ఊరు, ఉద్యోగం అన్నీ ఉన్నాయి. ఒక రాయిమీద మాత్రం ఫలానావారి భార్య అనీ, 1961 అనీ ఉంది. అంతే! ఆవిడ పేరు లేదు.

ఆవిడ టీచరుగారి అత్తగారికి అత్తగారు. "పేరేంటి మామ్మగారూ?" అనడిగితే ఎనభై ఆరేళ్ళ ఆ పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "అత్తగారి పేరు నేనెప్పుడు పలికానమ్మా? ఊరంతా దొడ్డమ్మ అనేవారు" అన్నారు. నా మనసు చివుక్కుమంది. అంతమంది బిడ్డల్ని కని, పెంచిన మనిషికి పేరే మిగల్లేదు.

చివరికి ఆ పేరు ఎక్కడ దొరికిందనుకున్నారు? అటకమీద! పుట్టింటివాళ్ళు సారెలో ఇచ్చిన ఇత్తడి బిందెని చింతపండుతో తోమితే, అంచున ఆవిడ పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా బయటపడింది. మామ్మగారు ఆ అక్షరాల్ని వేలితో తడిమి తడిమి చూసుకున్నారు.

మీరూ ఇలా రాయదలచుకుంటే కొన్ని జాగ్రత్తలు చెబుతాను. సున్నం వేయకముందే రాసుకోండి. అక్షరాల్లో సున్నం నిండితే చదవడం కష్టం. ఇనప బ్రష్షు, యాసిడ్ వద్దు. మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. పొద్దుటి ఏటవాలు ఎండలో అరిగిన అక్షరాలు కూడా తేలి కనిపిస్తాయి. నీడగా ఉంటే అద్దంతో పక్కనుంచి వెలుగు పడేలా చేయండి. రాతిమీద తప్పున్నా ఉన్నదున్నట్టే రాయండి. చదవలేనిచోట చుక్కలు పెట్టండి, ఊహించి పూరించకండి. ఏ సమాధి పక్కన ఏది ఉందో పటం గీయండి. ఫోటోలు తీయండి.

మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల రాతల్ని జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి 1905లోనే పుస్తకంగా అచ్చువేశాడు. దక్షిణాసియాలోని యూరోపియన్ల సమాధుల వివరాలు సేకరించడానికి బ్రిటన్‌లో 1976 నుంచీ ఒక సంఘమే ఉంది. దొరల సంగతి సరే, మన దొడ్డమ్మల సంగతి ఎవరు రాస్తారు?

మా ఇళ్ళల్లో దహనం. అస్థికలు గోదావరిలో కలిపేస్తాం, రాయంటూ ఉండదు. తద్దినంలో మూడు తరాల పేర్లు చెబుతారు. అందులో అత్తగారి పేరు వినిపిస్తుందిగానీ ఆవిడ పుట్టింటి ఇంటిపేరు వినిపించదు. అందుకే ఇంటికి రాగానే నేనూ అటకెక్కాను. ఒక నోటుబుక్కు తీసి మా అత్తగారి పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాశాను. మా అమ్మమ్మ తల్లి పేరు దగ్గర కలం ఆగిపోయింది. ఫోన్ చేస్తే అమ్మకీ గుర్తులేదు!

మీ అమ్మమ్మ తల్లి పేరు మీకు తెలుసా? తెలిసినవాళ్ళు ఇంకా ఉండగానే అడిగి రాసుకోండి.