గ్రౌబల్లె చిత్తడిలో చెడిపోని మనిషి

డెన్మార్క్‌లో రెండో పెద్ద నగరమైన ఆర్హూస్‌కు పడమటి దిక్కున, సిల్కెబోర్గ్ పట్టణానికి దగ్గరగా గ్రౌబల్లె అనే చిన్న పల్లె ఉంది. 1952 ఏప్రిల్ 26న ఆ ఊరి పక్క చిత్తడి నేలలో పీట్ తవ్వుతున్న కూలీలకు ఒక మనిషి శవం కనిపించింది. కుళ్లీ కుళ్లని మొక్కలు పొరలుగా పేరుకొని ఏర్పడే నల్లని మట్టే పీట్. ఎండితే పిడకలా మండుతుంది.

శవం గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోసి ఉంది. చర్మం, గోళ్లు, ఎర్రని జుట్టు అలాగే ఉన్నాయి. పోలీసులు వేలిముద్రలు తీస్తే గీతలు స్పష్టంగా పడ్డాయి. అది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కనిపించకుండా పోయిన ఒక పీట్ కూలీదేనని, అతడిని తాను ఎరుగుదునని ఒక వృద్ధురాలు చెప్పింది. చూసినవారికి నమ్మబుద్ధేసే మాటే అది. ఆర్హూస్ ఆచార్యుడు పి.వి. గ్లోబ్ మాత్రం శవం చాలా ప్రాచీనమైనదన్నారు.

మరి అది ఎందుకు కుళ్లలేదు? ఆ చిత్తడిని నింపేది స్ఫాగ్నమ్ అనే నాచు. నీరు నిలిచి ఉండడంతో లోపలికి ఆక్సిజన్ చేరదు. నాచు నీటిని ఆమ్లంగా మారుస్తుంది. దాని కణాల గోడల్లోంచి వచ్చే స్ఫాగ్నాన్ అనే చక్కెర పదార్థం ప్రొటీన్లతో కలిసి చర్మాన్ని తోలులా బిగిస్తుంది, బాక్టీరియాకు అవసరమైన పోషకాలను అందకుండా చేస్తుంది. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారికి ఇలాంటి పని కొత్త కాదు, పదార్థమే వేరు. అదే ఆమ్లం ఎముకల్లోని కాల్షియాన్ని మాత్రం కరిగించేస్తుంది. జుట్టు ఎర్రబడిందీ చిత్తడి వల్లే. బతికున్నప్పుడు అది ఆ రంగులో ఉండి ఉండదు. బయటికి తీశాక శవం పాడవకుండా నిపుణులు ఓక్ బెరడు ద్రావణంలో ఏడాదికి పైగా నానబెట్టారు. చిత్తడి మొదలుపెట్టిన పనిని పూర్తి చేశారన్నమాట.

వయసు తేల్చింది కార్బన్-14. జీవి చనిపోయాక అందులోని ఈ రేడియోధార్మిక కార్బన్ 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిస్తే కాలం తెలుస్తుంది. అప్పటికి ఈ పద్ధతి చాలా కొత్తది. తొలి లెక్క క్రీ.శ. 310 ప్రాంతాన్ని చూపింది. వృద్ధురాలి మాట వీగిపోయింది కానీ, ఆ లెక్కా నిలవలేదు. అతి చిన్న నమూనాలోని కార్బన్ పరమాణువులనే లెక్కించే కొత్త యంత్రాలు వచ్చాక అతడి మరణం క్రీ.పూ. 3వ శతాబ్దం ప్రాంతానికి, అంటే దాదాపు ఆరు వందల ఏళ్లు వెనక్కి వెళ్లింది.

కడుపులో అరవైకి పైగా మొక్కల గింజలున్న గంజి దొరికింది. తాజా ఆకుకూరలు, పండ్ల జాడ లేదు కనుక అతడు చలికాలంలోనో వసంతం మొదట్లోనో చనిపోయాడని భావిస్తున్నారు. గంజిలో ఎర్గాట్ బూజు కూడా ఉంది. సజ్జ, జొన్నలకు తేనెబంక తెగులు తెచ్చే శిలీంధ్రాలు దీని దాయాదులే. ఎర్గాట్ మతిభ్రమ కలిగిస్తుంది కాబట్టి బలికి ముందు అతడికి కావాలనే తినిపించారన్న కథ చాలాకాలం నడిచింది. 2000 తర్వాత జరిగిన పునఃపరిశీలనలో ఆ మోతాదు మత్తుకు సరిపోదని తేలింది. కలుపు గింజలతో పాటు తెగులు గింజలూ గంజిలో పడ్డాయి, అంతే.