స్టార్టరు పెట్టె కథ

1891వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున విద్యుత్ప్రదర్శనము జరిగినప్పుడు, 175 కిలోమీటర్ల దూరమున లౌఫెన్ అను ఊర నెకర్ నదీజలములచే పుట్టించిన మూడు ఫేజుల కరెంటును తీగల మీదుగా గొనివచ్చి, దానితో వేయి దీపములను వెలిగించుటయేగాక, ఒక మోటారును నడిపి నీటిని పైకి తోడి, కృత్రిమ జలపాతముగా దుమికించి చూపరులను విస్మయపరచిరి. అట్టి మోటారునకు రూపమిచ్చిన వారిలో ముఖ్యుడు, బెర్లిన్‌లోని ఏ.ఇ.జి. సంస్థయందు పనిచేసిన మిఖయిల్ డొలివో డొబ్రొవొల్‌స్కీ అను రష్యను ఇంజనీరు. ఈ యంత్రము పుట్టిన కొలది ఏండ్లకే నీరు తోడి తన ప్రతాపమును చూపినదన్న సంగతి, బోరుమోటారును నమ్ముకొని సేద్యము చేయు మన రైతులు ముచ్చటగా చెప్పుకొనదగినది.

సూర్యాపేట జిల్లాలో తిరుమలగిరి అట్లు బోరుమోటారును నమ్ముకొన్న చోటు. నాగార్జునసాగరపు ఎడమకాలువ దక్షిణమున మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల మళ్లను తడుపుచుండగా, ఉత్తరమున మెరకనేలయందున్న తిరుమలగిరికి ఆ నీరందదు. శ్రీరామసాగరము రెండవదశ కాలువలు వచ్చుదనుక ఇచటి వ్యవసాయమునకు వాన, చెరువు, బావియే దిక్కు; మోటలు పోయి ఆయిలింజన్లు, అవి పోయి కరెంటు మోటార్లు వచ్చినను, నేలలోని నీటిని తోడుకొనుట మాత్రము తప్పలేదు. బోరులో వందల అడుగుల లోతున మునిగియున్న మోటారును రైతు కంటితో చూడలేడు, చెవితో వినలేడు. గట్టుమీద కఱ్ఱకు బిగించిన స్టార్టరు పెట్టె చెప్పినదే అతనికి తెలియును.

ఆ పెట్టె ఎందులకు? మోటకు కట్టిన ఎడ్లు తొలి అడుగున బలమంతయు కూడదీసికొనునట్లు, కదలక యున్న మోటారు కదలుటకై మామూలుగా తీసికొను కరెంటునకు ఆరేడు రెట్లు తీసికొనును. అయిదు హార్సుపవరు మోటారు నిండుబరువున తీసికొనునది సుమారు 8 ఆంపియర్లైనచో, మీట నొక్కిన క్షణమున అది యాబదింటిని సమీపించును. పెద్ద మోటార్లకు ఈ ఉరవడిని తగ్గించుటకే స్టార్‌డెల్టా స్టార్టరు ఏర్పడినది: చుట్లను మొదట స్టారు పద్ధతిని కలిపిన, లైనునుండి వచ్చు కరెంటు మూడవవంతునకు తగ్గును, మోటారు వేగమందుకొన్న పిమ్మట డెల్టాకు మార్తురు.

ఐనను ప్రారంభించుటకన్న ఆపుటయందే ఈ పెట్టె గొప్పతనము అధికమని నా నమ్మకము. ఇందులో ఓల్టేజీ కాయిలు కలదు; కరెంటున్నంతసేపు అది అయస్కాంతమై కాంటాక్టులను పట్టియుంచి, కరెంటు పోయిన మరుక్షణము వదలివేయును. ఓవర్‌లోడు రిలేయు కలదు. వేడికి వేర్వేరుగా వ్యాకోచించు రెండు లోహములను అతికించిన పలక, మితిమీరిన కరెంటు పారినప్పుడు వంగి, కాయిలునకు పోవు దారిని తెంచును. దీనిని పెట్టె మొరాయింపుగా నెంచి, కాంటాక్టరు నడుమ పుల్లగ్రుచ్చి నిలుపుట, ఫ్యూజు స్థానమున లావుతీగ చుట్టుట పల్లెలలో తఱచుగా కాననగును. అట్లు చేసినవారి మోటార్లే వైండింగు దుకాణమునకు చేరుచుండును.

పనితెలిసిన మెకానిక్కు మూతవిప్పకమున్నే చెవియొగ్గును. పచ్చమీట నొక్కినను చప్పుడే లేకున్న, కాయిలునకు పోవు రెండు ఫేజులలో ఒకటి పోయియుండవచ్చును, రిలే ట్రిప్పయియుండవచ్చును, కాయిలే మాడియుండవచ్చును. టక్కున పట్టి గరగరలాడుచున్నచో లో ఓల్టేజీయో, అయస్కాంతపు ముఖములపై పేరుకొన్న మట్టియో కారణము. టక్కున పట్టియు నీరు రాక, ఆంపియరు ముల్లు పైకెగసి దిగకున్నచో అదియే కడు ప్రమాదకరము: కాయిలుతో సంబంధము లేని మూడవ ఫేజు పోయియుండవచ్చును. తిరుగుచుండగా ఫేజు పోయినను ముప్పే. మిగిలిన రెండు తీగలపై భారము ఇంచుమించు ఒకటి ముప్పాతిక రెట్లగును, చుట్లు కాగి ఇన్సులేషను కాలిపోవును. రిలే సరిగా అమరియున్నను, ఫేజు పోయిన వెంటనే ఆపునట్టి ప్రివెంటరును వేరుగా అమర్చుకొనుట మేలు. మెయిను ఆపి మూతతీసినప్పుడు, రెండు టెర్మినళ్ల నడుమ మాడి అంటుకొనియున్న బల్లియు, రిలే కాంటాక్టుల సందున చేరిన చీమలును అగపడుట అరుదు కాదు. ఇనుపపెట్టెకు ఎర్తుతీగ లేనిచో, తడిచేతితో తాకినవాని ప్రాణమునకే మోసము. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు పోయినచో లైన్‌మన్‌ను పిలువవలయునే గాని స్వయముగా చేయిపెట్టరాదు.

కరెంటు వంతులవారీగా, అర్ధరాత్రములందు వచ్చిన కాలమున, పాములును విషపురుగులును తిరుగు గట్లమీద చీకటిలో నడువలేక రైతులు ఆటోస్టార్టర్లను తగిలించుకొనిరి; ఇందు వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. కాని కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రిందనున్న మోటార్లన్నియు ఒక్కసారిగా ఆరేడు రెట్ల కరెంటును లాగుటచే అది కాలుటయు జరిగెడిది. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చినప్పుడు, రేయింబవళ్లు మోటార్లు వాటియంతటవి నడిచి భూగర్భజలము అడుగంటునన్న భయముచే, ఆటోస్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరినది.

ఇప్పుడు సెల్‌ఫోనుతో నడుపు పెట్టెలును వచ్చినవి. వాటిలో మేటివి మూడు ఫేజులును ఉన్నవో లేవో చూచుకొనియే మోటారును కదల్చును, బోరు ఎండిన ఆపివేయును. ఐనను మరమ్మతు ముగిసిన పిమ్మట మంచి మెకానిక్కు నీరు పడినదని తృప్తిపడి వెడలిపోడు; టాంగ్‌టెస్టరును మూడు తీగలకును వరుసగా తగిలించి, ఆంపియర్లు మూడింటను ఇంచుమించు సమానమై, మోటారు రేకుమీద వ్రాసిన అంకెను మించకున్నప్పుడే రిలే ముల్లును ఆ అంకెకు త్రిప్పి మూత బిగించును.