మెడ విరిచే చదువుకు నాలుగేళ్లెందుకు?

క్షవరం అయ్యాక నెత్తి మీద నాలుగు దరువులు వేసి, గడ్డం పట్టుకుని మెడను అటొకసారి ఇటొకసారి టక్కున విరిచే అలవాటు మన మంగలి షాపుల్లో ఇంకా పూర్తిగా పోలేదు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకోవడం, చెయ్యి విరిగితే కట్టు కోసం పుత్తూరు వెళ్లడం కూడా మనకు తెలిసినవే. అందుకే అమెరికాలో పెరిగిన మేనల్లుడో అన్న కూతురో ఫోన్ చేసి, వెన్నునూ కీళ్లనూ చేత్తో నొక్కి వైద్యం చేసే కైరోప్రాక్టర్ కోర్సులో చేరుతున్నానంటే, ఇంట్లో పెద్దవాళ్లు ముందు అడిగేది ‘దానికి కూడా డిగ్రీ ఉందా?’ అనే. ఉంది. దాని పేరు డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్, పొట్టిగా డీసీ. అక్కడి మామూలు డిగ్రీలో సుమారు మూడేళ్ల చదువుకు సరిపడా క్రెడిట్లు సంపాదించాక, మరో నాలుగేళ్లు చదవాలి. సెలవులు లేకుండా పది ట్రైమెస్టర్లుగా నడిపే కాలేజీల్లో మూడేళ్ల పైచిలుకులో ముగుస్తుంది.

మరి మెడ విరవడానికి నాలుగేళ్లా? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు ఆ ‘టక్’ ఏమిటో తెలియాలి. కీలు లోపల జిగట ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారిగా ఎడం చేస్తే అక్కడ ఒత్తిడి పడిపోయి వాయువుతో నిండిన చిన్న ఖాళీ ఏర్పడుతుంది. చప్పుడు వచ్చేది అప్పుడే. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో, వేలి మెటిక విరుస్తుండగా ఎంఆర్ఐ తీసి మరీ ఈ సంగతి చూపించారు. అంటే యూట్యూబ్ వీడియోల్లో మైకు దగ్గర పెట్టి వినిపించే ఆ మోత, జరిగిపోయిన ఎముక చోటికి వచ్చిన చప్పుడు కాదు. చప్పుడు రానంత మాత్రాన వైద్యం జరగనట్టూ కాదు.

ఎముక పక్కకు జరిగిందన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ ఊరి నుంచి. డి.డి. పామర్ అనే ఆయన అక్కడ అయస్కాంత వైద్యం పేరుతో రోగులను చూసేవాడు. 1895 సెప్టెంబరులో, చెవులు సరిగా వినపడని హార్వీ లిలార్డ్ అనే పనివాడి వెన్నుపూసను నొక్కి సరిచేశాననీ, అతడికి వినికిడి తిరిగి వచ్చిందనీ పామర్ ప్రకటించుకున్నాడు. నిజానికి చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడి పుర్రె లోపలే ఉంటుంది, వెన్ను దారిన పోదు. అయినా పామర్ అక్కడితో ఆగలేదు. వెన్నుపూసలు కాస్త పక్కకు జరిగి నాడులను నొక్కడమే నూటికి 95 రోగాలకు మూలమని సిద్ధాంతం కట్టాడు. ఆ స్థితికి ‘సబ్‌లక్సేషన్’ అని పేరు పెట్టాడు. 1897లో బడి తెరిచాడు. తొలినాళ్లలో అక్కడ చదువు నెలల్లోనే అయిపోయేది. 1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేశాడన్న కేసులో జైలుకూ వెళ్లాడు.

ఆ తర్వాత ఈ వృత్తి గుర్తింపు కోసం కొట్లాడుతూనే వచ్చింది. మొదట చట్టం చేసి లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం కాన్సస్, 1913లో. చివరిది లూసియానా, 1974లో. మధ్యలో అరవై ఏళ్లు! అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన సభ్యులు కైరోప్రాక్టర్లతో కలిసి పనిచేయకూడదని ఆంక్ష పెట్టింది. దాని మీద 1976లో చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు దావా వేస్తే, 1987లో తీర్పు వాళ్ల వైపు వచ్చింది. ఈ తీర్పును కొందరు కైరోప్రాక్టర్లు తమ వైద్యానికి కోర్టు ఇచ్చిన సర్టిఫికెట్‌లా చూపిస్తుంటారు. అది సరికాదు. ఒక వృత్తిని వెలివేయడం వ్యాపార పోటీ చట్టానికి విరుద్ధమని కోర్టు చెప్పింది, వైద్యం పనిచేస్తుందని కాదు.

ఇక తరగతి గది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పూర్తిస్థాయి కోర్సుకు కనీసం 4,200 గంటల శిక్షణ ఉండాలి. అమెరికాలో కాలేజీలను తనిఖీ చేసి గుర్తింపునిచ్చే మండలి కూడా ఇదే లెక్క పాటిస్తుంది. మొదటి ఏడాది చూస్తే ఎంబీబీఎస్ పుస్తకాల వాసనే వస్తుంది: శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం, నాడీ వ్యవస్థ. చాలాచోట్ల శవాన్ని కోసి చదవాలి. వెన్నును మాత్రం వీళ్లు మరింత దగ్గరగా చదువుతారు. మెడలో ఏడు, వీపులో పన్నెండు, నడుంలో అయిదు పూసలుంటాయి. ఏ పూస ఎటు ఎంత తిరుగుతుంది, దాని పక్కన ఏ నాడి బయటికి వస్తుంది అన్నది కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెప్పగలగాలి. తర్వాత రోగ నిర్ధారణ, ఎక్స్‌రే చదవడం. చేతి పని నేర్చుకునేది తోటి విద్యార్థుల మీదే. మొదట్లో పూసను వెతకడం, భంగిమ సరిచూసుకోవడం వరకే. చాలాకాలం గడిచాకే వేగంగా, తక్కువ దూరం నొక్కే అసలు ‘అడ్జస్ట్‌మెంట్’ చేయనిస్తారు. చివరి ఏడాది కాలేజీ క్లినిక్‌లో అధ్యాపకుల పర్యవేక్షణలో నిజమైన రోగులను చూస్తారు. వీటన్నిటి మధ్య జాతీయ బోర్డు పరీక్షలు నాలుగు భాగాలుగా రాయాలి. నాలుగోది చేసి చూపించాల్సిన ప్రాక్టికల్. దాని తర్వాత రాష్ట్రాల వారీగా లైసెన్సు.

నన్నడిగితే, చేతి పని ఒక్కటే అయితే ఇన్నేళ్లు అక్కర్లేదు. ఎవరి మీద చెయ్యి వేయకూడదో తెలుసుకోవడానికే ఈ చదువంతా. నడుం నొప్పని వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కండరాల, కీళ్ల ఇబ్బందే ఉంటుంది. కానీ ఏ కొద్దిమందికో అది వెన్నుకు పాకిన క్యాన్సర్ కావచ్చు, క్షయ కావచ్చు, ఎముకలు గుల్లబారి పూస చితికి ఉండొచ్చు. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోగిని బల్ల మీద పడుకోబెట్టకూడదు, వెంటనే ఆసుపత్రికి పంపాలి. మెడ సంగతి ఇంకా సున్నితం. మెడపూసల్లోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు పోతాయి. వాటి గోడ చిరిగితే పక్షవాతం రావచ్చు. మెడ విరిచిన తర్వాత ఇలా జరిగిన సందర్భాలు నమోదయ్యాయి, అరుదే అయినా. పైగా ధమని చిరిగినప్పుడు మొదట కనిపించే లక్షణం తరచుగా మెడ నొప్పే. ఆ నొప్పి తగ్గించుకుందామనే రోగి వస్తాడు. దాన్ని గుర్తుపట్టగలవాడికీ, గుర్తుపట్టలేనివాడికీ మధ్య తేడా ఆ 4,200 గంటల్లోనే ఉంది. మంగలి షాపులో మెడ అప్పగించేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలు.

చిక్కేమిటంటే, ఈ కాలేజీల్లో ఆధునిక శరీర శాస్త్రంతో పాటు పామర్ సిద్ధాంతమూ పాఠంగా ఉంటుంది. దాన్ని చరిత్రగా చెప్పే చోట్లున్నాయి, సత్యంగా చెప్పే చోట్లూ ఉన్నాయి. ఈ చీలిక వృత్తి పుట్టిన కొత్తలోనే మొదలైంది: అడ్జస్ట్‌మెంట్ తప్ప మరేదీ ముట్టని వాళ్లను ‘స్ట్రెయిట్లు’ అనీ, వ్యాయామాలూ ఇతర చికిత్సలూ కలుపుకునేవాళ్లను ‘మిక్సర్లు’ అనీ అంటారు. కాలేజీ ఎంచుకోవడమంటే ఒక రకంగా ఈ రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవడమే. ఆధారాల మాటకొస్తే, నడుం నొప్పికి ముందుగా ప్రయత్నించదగిన మందుల్లేని మార్గాల్లో వెన్ను అడ్జస్ట్‌మెంట్‌ను కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చింది, ఆధారాలు బలంగా లేవని చెబుతూనే. ఉబ్బసం, పసిపిల్లల ఏడుపు, చెవిపోటు తగ్గిస్తామనడానికి మాత్రం నిలబడే రుజువుల్లేవు. బ్రిటన్‌లో సైమన్ సింగ్ అనే సైన్సు రచయిత ఇదే రాస్తే అక్కడి కైరోప్రాక్టర్ల సంఘం పరువు నష్టం దావా వేసి, 2010లో తనే వెనక్కి తీసుకుంది.

డబ్బు సంగతి తెలుగు కుటుంబాలు తప్పక అడుగుతాయి. నాలుగేళ్ల ఫీజు చాలా కాలేజీల్లో లక్ష డాలర్లు దాటుతుంది, బతకడానికయ్యే ఖర్చు వేరే. అమెరికా కార్మిక శాఖ 2023 లెక్కల్లో కైరోప్రాక్టర్ల మధ్యస్థ వార్షిక ఆదాయం సుమారు 76,500 డాలర్లు. పేరు ముందు డాక్టర్ ఉన్నా దాదాపు ఏ రాష్ట్రంలోనూ మందులు రాసే హక్కు లేదు, ఆపరేషన్లు చేయలేరు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా వీళ్లు చేతితో చేసే వెన్ను అడ్జస్ట్‌మెంట్‌కు తప్ప, వీళ్లు తీయించే ఎక్స్‌రేలకు కూడా డబ్బివ్వదు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు అప్పు తీర్చుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడి నుంచి విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లకు అక్కడి ప్రభుత్వ విద్యారుణాలు దొరకవు. చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ అనుమతికి కంప్యూటర్ కోర్సుల వాళ్లకు ఉన్నట్టు పొడిగింపూ ఉండదు, ఒక్క ఏడాదే. సొంత క్లినిక్ మీద ఆధారపడే వృత్తికి అది చాలా తక్కువ.

తిరిగి వచ్చి ఇక్కడ క్లినిక్ పెడదామంటే, మన దేశంలో కైరోప్రాక్టర్లకంటూ ప్రత్యేకమైన లైసెన్సూ లేదు, తప్పు చేస్తే నిలదీసే మండలీ లేదు. అందువల్లే హైదరాబాద్‌లో, విజయవాడలో ‘కైరో’ బోర్డు కనిపిస్తే లోపల ఉన్నది విదేశంలో డీసీ చదివినవారా, ఫిజియోథెరపీ చదివి ఆపై చిన్న కోర్సు చేసినవారా, వారాంతపు సర్టిఫికెట్ తెచ్చుకున్నవారా అన్నది మనమే అడిగి తెలుసుకోవాలి. ఇంటర్ బైపీసీ చదువుతూ ఈ పని మీద మనసుపడ్డ పిల్లలకైతే ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ దగ్గరి దారి. కీళ్లను చేత్తో కదిలించే చికిత్స అందులోనూ భాగమే, ఆసుపత్రుల్లో ఉద్యోగాలూ ఉన్నాయి. ఆ తర్వాత కూడా వెన్ను మీదే పని చేయాలనిపిస్తే, అప్పటికి ఎక్స్‌రే చదవడం వచ్చి ఉంటుంది కాబట్టి, విదేశీ కాలేజీ బ్రోషర్‌ను కూడా కాస్త వెలుతురులో పెట్టి చూడగలుగుతారు.