ఆట ఉచితమే... మరి డబ్బు ఎటు పోయింది?

కొన్ని నెలల క్రితం మన ఎముకల వార్డులో పదమూడేళ్ళ బాబు ఒకడు కాలు విరిగి చేరాడు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టాము. కదలడానికి లేదు, పొద్దు పోదు. తల్లి తన ఫోను చేతికిచ్చింది. మూడవ రోజు ఆమె మందుల కౌంటరు దగ్గర డబ్బు కట్టబోతే ఖాతాలో సరిపడా లేదు. "సిస్టర్ గారూ, నేనెవరికీ పంపలేదండీ, ఒట్టు" అని ఏడ్చింది. చూస్తే రూ. 1,840 ఆటకు వెళ్ళాయి. ఆమెకు చదువు రాదు కనుక ఇంట్లో చెల్లింపులన్నీ ఆ బాబే చేసేవాడు. పిన్ నంబరు వాడికి తెలుసు.

వాడిని తిట్టడం తేలిక. నేను పక్కన స్టూలు వేసుకుని "ఏదీ, నీకేం చూపించారో నాకూ చూపించు నాన్నా" అన్నాను. నాకు వైకుంఠపాళీ తప్ప ఆటలు రావు. అయినా టెంపరేచరు, నాడి చూసినట్టు ఒక్కొక్కటీ చూశాను.

మొదట కనబడింది గడియారం. "ఇంకా 09 నిమిషాలే!" అని ఎర్ర అంకెలు తగ్గిపోతున్నాయి. మర్నాడు చూస్తే అదే సరుకు, అదే తొందర. నిజంగా గడువు ఉన్న అమ్మకం వేరు. ఆలోచించుకోనివ్వకుండా పుట్టించిన తొందర వేరు. మళ్ళీ మొదలయ్యే గడియారం ఉందంటే అది రెండవ రకమే.

తర్వాత వజ్రాలు. ఒక చొక్కా ధర 250 వజ్రాలు. వజ్రాలు మాత్రం 100 లేదా 310 చొప్పునే అమ్ముతారు. 310 కొంటే 60 మిగులుతాయి, ఆ మిగిలినవి ఊరుకోనివ్వవు, మళ్ళీ కొనిపిస్తాయి. చొక్కా ఎన్ని రూపాయలో అడిగితే బాబు చెప్పలేకపోయాడు. లెక్కల్లో వాడికి మంచి మార్కులే వస్తాయట! ధర రూపాయల్లో చెప్పకపోవడం వెనుక ఉద్దేశం అదే. వజ్రాలు పోతుంటే డబ్బు పోతున్నట్టు అనిపించదు.

అన్నిటికంటే బలమైనది పెట్టె. లోపల ఏముందో చెప్పరు, డబ్బు కట్టి తెరవాలి. తిరునాళ్ళలో చక్రం తిప్పేవాడిని చూసే ఉంటారు. ముల్లు మంచి బహుమతికి ఒక్క గడి ఇవతల ఆగితే "అయ్యో, కొద్దిలో పోయింది" అని మళ్ళీ డబ్బు తీస్తాము. ఓడిపోయినట్టు అనిపించదు, గెలవబోయినట్టు అనిపిస్తుంది. బహుమతి ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడే మనిషి ఎక్కువసార్లు ప్రయత్నిస్తాడు. పెద్దవాళ్ళే ఆగలేని చోట పదమూడేళ్ళవాడు ఆగాలని ఎలా అనుకుంటాము? బెల్జియంలో ఇలాంటి డబ్బు పెట్టెలను 2018లోనే జూదపు చట్టం కిందికి తెచ్చారు.

ఇక వీడియోల్లో ఆడి చూపించే అన్నయ్యలు. పిల్లలు వారిని స్నేహితులనుకుంటారు. పెట్టె తెరవగానే గొప్ప తుపాకి వస్తుంది, కేకలు వేస్తారు. ఎన్ని పెట్టెలు ఖాళీగా పోయాయో, ఆ డబ్బు ఎవరు ఇచ్చారో చూపించాలి కదా! వాడు ప్రచారానికి డబ్బు తీసుకుని ఉంటే అది ప్రకటన, స్నేహితుని సలహా కాదు.

చివరిగా, వద్దు అన్నప్పుడు ఏమి జరుగుతుందో చూడండి. ఆ ఆటలో 'కొను' అన్న మీట పెద్దది, పచ్చది. వద్దనడానికి మూలన చిన్న గీత, దాని మీద "నాకు గెలవడం ఇష్టం లేదు" అని ఉంది. సిగ్గుపరచి అమ్మడం మంచి వ్యాపారుల పద్ధతి కాదు. ధర రూపాయల్లో చెప్పి, వద్దంటే ఊరుకునే ఆటలూ ఉన్నాయి. వాటిపై నాకు కోపం లేదు. మంచం మీద ఉన్న పిల్లవాడికి ఆట మేలే చేస్తుంది.

ఇవి నా ఒక్కదాని అనుమానాలు కావు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్‌పై మోపిన ఆరోపణల్లో, మీటలను తికమకగా అమర్చి ఒక్క నొక్కుతో అనుకోని కొనుగోళ్ళు చేయించారన్నది ఒకటి. ఆటగాళ్ళకు తిరిగి ఇచ్చేందుకు 24.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఆ సంస్థ 2022 డిసెంబరులో ఒప్పుకుంది. మన దేశంలో 2023 నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇటువంటి 13 రకాల మోసపు పద్ధతులను గుర్తించి నిషేధించింది. దొంగ తొందర, సిగ్గుపరచడం, ప్రకటనను దాచిపెట్టడం అందులో ఉన్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధించింది. అయితే బట్టలు, తుపాకుల బొమ్మలు అమ్మే ఆట చూపు వేరు. అక్కడ కాపలా మనదే.

పిన్ నంబరు పిల్లలకు తెలిస్తే ఈ రోజే మార్చండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే 48 గంటల లోపు అక్కడే వాపసు కోరండి, ఆలస్యమైతే కష్టమవుతుంది. ఆట మానలేక చదువు, నిద్ర, తిండి దెబ్బతింటూ నెలల తరబడి సాగితే అది అల్లరి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని జబ్బుల పట్టికలో చేర్చింది. డాక్టరు గారికి చూపించండి, లేదా టెలి మానస్ 14416కు ఫోను చేయండి, ఖర్చు లేదు.

ఆ తల్లికి కొంత డబ్బు తిరిగి వచ్చింది, అంతా కాదు. కొత్త పిన్ నంబరు పెట్టుకోవడం మా స్టాఫ్ నర్సు ఒకరు ఆమెకు నేర్పారు. అంకెలు గుర్తుపట్టడం ఆమెకు రెండు సాయంత్రాలు పట్టింది. బాబు ఇంటికి వెళ్ళే రోజు పక్క మంచం పిల్లవాడి ఫోనులోకి తొంగిచూసి, "ఆ గడియారం అబద్ధం రా, రేపు కూడా ఉంటుంది" అంటున్నాడు.