విండోస్ రాసుకున్న చిట్టా

రాత్రి కంప్యూటర్ కట్టేసే ముందు తెర మీద బొమ్మ మారుస్తాం. పొద్దున ఆన్ చేయగానే ఆ కొత్త బొమ్మే పలకరిస్తుంది. రాత్రంతా ఆ సంగతి ఎక్కడ దాగి ఉంది? విండోస్ కంప్యూటర్లో అయితే రిజిస్ట్రీ అనే చిట్టాలో. తెర మీది బొమ్మ ఏ ఫైలో, ఫొటో మీద నొక్కితే ఏ ప్రోగ్రాం తెరుచుకోవాలో, ప్రింటర్‌ను నడిపే డ్రైవర్ ఏదో, అన్నీ ఆ చిట్టాలోనే ఉంటాయి.

మొదట్లో ఈ లెక్కలకు ఒక చోటంటూ లేదు. విన్.ఐఎన్ఐ, సిస్టమ్.ఐఎన్ఐ అనే మామూలు అక్షరాల ఫైళ్లలో రాసుకునేవారు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు. ప్రోగ్రాములు పెరిగేకొద్దీ అవి చాలలేదు. ఒక్కో ఫైలుకు 64 కిలోబైట్ల హద్దు. ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడితే ఎవరి ఇష్టాలు వారికి విడిగా ఉంచే వీలు లేదు. 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ పుట్టింది. అప్పటికి దాని పని చిన్నదే: ఏ రకం ఫైలు ఏ ప్రోగ్రాంది, ఒక ప్రోగ్రాం గీసిన బొమ్మను మరో ప్రోగ్రాం పత్రంలో ఎలా ఇమడ్చాలి అన్నంతవరకే. 1993లో విండోస్ ఎన్‌టీ దాన్ని మొత్తం వ్యవస్థకు చిట్టాగా మార్చింది. 1995లో విండోస్ 95తో అది ఇళ్లలోకి వచ్చింది.

చూడటానికి రిజిస్ట్రీ ఒక చెట్టు. కొమ్మల్ని కీలు అంటారు, వాటికి అంటిపెట్టుకున్న సమాచారం విలువలు. డిస్కు మీద మాత్రం ఇది కొన్ని ఫైళ్లుగా ఉంటుంది. వాటి పేరు హైవ్‌లు, అంటే తేనెపట్లు. ఎన్‌టీ తయారు చేసిన వాళ్లలో ఒకాయనకు తేనెటీగలంటే గిట్టదని, అందుకే రిజిస్ట్రీ రాసినాయన కావాలనే తేనెటీగల మాటలు చొప్పించారని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ రాశారు. హైవ్ లోపలి చిన్న భాగాలకు సెల్స్ అని, అంటే తేనెగదులని పేరు.

ప్రోగ్రాంను తీసేసినా దాని రాతలు కొన్ని చిట్టాలో మిగిలిపోతాయి. పాత విండోస్‌లలో రిజిస్ట్రీ సైజుకు ఒక హద్దు ఉండేది, కాబట్టి అది ఉబ్బిపోతోందన్న దిగులుకు కొంత ఆధారం ఉండేది. 1990లలో మైక్రోసాఫ్టే రెగ్‌క్లీన్ అనే శుభ్రం చేసే పరికరాన్ని ఇచ్చి, తర్వాత ఆపేసింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ఆ సైజు హద్దును ఎత్తేసింది. ఇప్పుడు రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. దిగులుకు కారణం పోయింది, దిగులు మాత్రం మిగిలింది.

మిగిలిపోయిన రాతల వల్ల కంప్యూటర్ నెమ్మదిస్తుందా? నిఘంటువులో ‘వాన’ అనే మాట వెతికేవాళ్లు ‘అ’ నుంచి మొదలుపెట్టి అన్ని పేజీలూ చదవరు. విండోస్ కూడా తనకు కావలసిన కీ దాకా దారి పట్టుకుని నేరుగా వెళ్తుంది. ఎవరూ అడగని కొన్ని వందల రాతలు పక్కన పడి ఉన్నంత మాత్రాన వేగంలో తేడా కనిపించదు.

తీసేస్తేనే ప్రమాదం. క్లీనర్ ఒక రాతను చూసి, అందులో చెప్పిన ఫైలు డిస్కులో లేకపోతే పనికిరానిదని తేల్చేస్తుంది. ఆ ఫైలు ఇప్పుడు తగిలించని పోర్టబుల్ డిస్కులో ఉండవచ్చు. ఒకే భాగాన్ని రెండు ప్రోగ్రాములు పంచుకుంటూ ఉండవచ్చు. దేనికి ఏది ఆధారమో క్లీనర్ ఊహించగలదే తప్ప కచ్చితంగా చెప్పలేదు.

అందుకే శుభ్రం చేయడానికి బలమైన కారణం ఉండాలి: తీసేసిన ప్రోగ్రాం మళ్లీ ఎక్కకుండా దాని మిగిలిన రాతలు అడ్డుపడటం లాంటిది. అప్పుడు కూడా ముందు ఆ ప్రోగ్రాంను సెట్టింగ్స్‌లోంచి సరైన పద్ధతిలో అన్‌ఇన్‌స్టాల్ చేశారో లేదో చూసుకోవాలి. తర్వాత సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. విండోస్ తెరుచుకోకపోయినా రికవరీ తెర నుంచి ఆ రోజుకు వెనక్కి వెళ్లడానికి అదే దారి. రిజిస్ట్రీని దిద్దే పరికరమైన రెజ్ఎడిట్‌లో అన్‌డూ లేదు, మార్పు వెంటనే అమలవుతుంది. అందుకే ముట్టబోయే కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి. ఆ ఫైలు పోయిన రాతలను తిరిగి తెస్తుంది కానీ కొత్తగా చేరినవాటిని తీసేయదని గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత కూడా తొందరపడి చెరపొద్దు. సాఫ్ట్‌వేర్ అనే కొమ్మ కింద ఆ ప్రోగ్రాం పేరుతో ఉన్న కీకి చివర ‘పాత’ అని చేర్చి పేరు మార్చండి. కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసి వారం రోజులు మామూలుగా పని చేసుకోండి. ఏదైనా మొరాయిస్తే పాత పేరు తిరిగి పెడితే సరిపోతుంది. వారమంతా అన్నీ సవ్యంగా నడిస్తే, ఆ ఒక్క కీని నిశ్చింతగా తీసేయండి.