పోర్షె 944: బెల్టు చేతిలో ఇంజిన్ ప్రాణం

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న పోర్షె 944 చవగ్గా దొరికిందంటే, కొన్నవాడు చేయాల్సిన మొదటి పని తాళం తిప్పడం కాదు. ముందు ఇంజిన్ ముందువైపు ప్లాస్టిక్ మూత విప్పి టైమింగ్ బెల్టు చూడాలి.

1981లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో జనం ముందుకొచ్చిన ఈ కారు, జర్మనీలోని నెకార్సుల్మ్‌లో ఆడి ఫ్యాక్టరీలో తయారైంది. 1991లో ఉత్పత్తి ఆగేనాటికి 1,60,000కు పైగా బండ్లు రోడ్డెక్కాయి. పోర్షె వారి మరో కారు 911కి ఇంజిన్ వెనక ఉంటే దీనికి ముందుంది. గేర్‌బాక్సును మాత్రం వెనక చక్రాల దగ్గర పెట్టారు. దాంతో బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడి, మలుపుల్లో బండి అద్భుతంగా నిలబడుతుంది.

మొదట వచ్చిన ఇంజిన్ 2.5 లీటర్లది, సిలిండర్లు నాలుగే. అంత పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఊరికే ఉండదు, వణుకుతుంది. ఆ వణుకును అణచడానికి మిత్సుబిషి దగ్గర లైసెన్సు తీసుకుని రెండు బ్యాలెన్స్ షాఫ్టులు అమర్చారు. క్రాంక్ ఒక్కసారి తిరిగేలోగా అవి రెండుసార్లు, ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. ఇంజిన్ ఎంతో నున్నగా నడిచేది వాటి పుణ్యమే.

అయితే వాటిని తిప్పడానికి ఇంకో బెల్టు కావాలి. అది తెగి, వాల్వులను నడిపే టైమింగ్ బెల్టులో చిక్కుకుంటే దాన్నీ తెంపేస్తుంది. టైమింగ్ బెల్టు తెగిన క్షణంలో వాల్వులు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఆగిపోతాయి. పిస్టన్లు పైకొచ్చి వాటిని గుద్ది వంచేస్తాయి. బండి కదలకుండా నిలిచి ఉన్నా రబ్బరుకు వయసు ఆగదు. అందుకే కిలోమీటర్లు తక్కువ తిరిగిందన్న మాటను నమ్ముకుని పాత బెల్టుతో స్టార్ట్ చేయకూడదు.

కొత్త బెల్టు వేశాక క్రాంక్‌ను పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పి, టైమింగ్ గుర్తులు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయో లేదో చూస్తారు. బెల్టు వదులైతే పళ్లు తప్పుతాయి, మరీ బిగిస్తే వాటర్ పంపు బేరింగు అరుగుతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి పంపును కూడా అప్పుడే మార్చేస్తారు.

క్లచ్ సంగతి ఇంకా పెద్దది. చాలా బండ్లలో క్లచ్ ప్లేటు నడుమ రబ్బరు ఉంటుంది. కాలం గడిచేకొద్దీ అది పొడి పొడిగా రాలిపోతుంది. ప్లేటు దాకా చేరాలంటే సైలెన్సరు విప్పాలి, వెనక గేర్‌బాక్సు దించాలి, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్యలోని పొడవాటి గొట్టాన్ని వెనక్కి జరపాలి. మలుపుల్లో కారుకు అంత పట్టునిచ్చిన అమరికే మెకానిక్ కూలిని పెంచుతుంది.

ఊరటనిచ్చేది బాడీ. ఉక్కు రేకుకు జింకు పూత ఉండటంతో అదే వయసున్న ఎన్నో కార్ల కంటే దీనికి తుప్పు తక్కువ. బ్యాటరీ పెట్టే చోట మాత్రం యాసిడ్ కారి రేకును తినేస్తుంది, అక్కడి నుంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి. కొనేముందు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి తడి ఉందేమో తడిమి చూడాలి.

ఇంత చేశాకా ఇంజిన్ తిరుగుతూనే ఉండి అందుకోకపోతే, ముందుగా పెట్రోలు పంపుకు కరెంటు పంపే చిన్న రిలేను అనుమానించాలి. వేడికి లోపలి టంకం పగుళ్లిచ్చి పంపు ఆగిపోవడం ఈ కారులో మామూలే. మళ్లీ టంకం పెట్టినా, కొత్త రిలే గుచ్చినా ఇంజిన్ అందుకుంటుంది. ఈ సంగతి తెలిసిన 944 యజమానులు డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ అదనంగా ఒక రిలే ఉంచుకుంటారు.