ముసుగు తీసిన తర్వాత

వేసవి సెలవులు వచ్చాయంటే మా ఇంట్లో మనవళ్ల సందడి మొదలవుతుంది. పగలంతా కర్నూలు ఎండ. పిల్లలను బయటికి పంపే వీలు లేదు. బైబిలు కథలతో ఒక గంట, సండేస్కూలు పాటలతో ఇంకో గంట గడుస్తుంది. ఆ తర్వాత టీవీ పెట్టక తప్పదు. పోయిన సెలవుల్లో ఎనిమిదేండ్ల మా పెద్ద మనవడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక బొమ్మల సినిమా చూపించాడు. 2004లో వచ్చిన ఆ సినిమా పేరు "స్కూబీ డూ అండ్ ది లాక్ నెస్ మాన్‌స్టర్".

మొదట నాకు మనసొప్పలేదు. విశ్వాసుల ఇంట్లో పిల్లలకు భూతాల సినిమాలెందుకు అనుకొన్నాను. అయినా వాడి ముచ్చట కాదనలేక కూర్చున్నాను. సినిమా అయ్యాక వాడు అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. సండేస్కూల్లో ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నేను ఆ రోజు వాడి దగ్గర ఒక పాఠం నేర్చుకున్నాను. తోటి తల్లిదండ్రులకూ, అవ్వలకూ, తాతలకూ ఉపయోగపడుతుందని దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

సినిమాలో ఏముంది?

స్కూబీ డూ ఒక పెద్ద కుక్క, దయ్యమంటే హడలిపోయే పిరికి కుక్క. దాని యజమాని షాగీ కూడా అంతే పిరికివాడు. వీళ్లతో పాటు ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా అనే ముగ్గురు స్నేహితులు ఉంటారు. అందరూ ఒక వ్యానులో తిరుగుతూ, ఎక్కడ భూతం ఉందని విన్నా అక్కడికి వెళ్లి సంగతేమిటో తేలుస్తారు. అమెరికాలో 1969 సెప్టెంబరులో ఈ బొమ్మల ధారావాహిక మొదలైంది. అప్పట్లో పిల్లల కార్యక్రమాల్లో కొట్లాటలు ఎక్కువయ్యాయని అక్కడి తల్లిదండ్రులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అందుకే కొట్లాటలు లేని కథ కావాలని దీన్ని తయారుచేయించారు. కథ ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. ఊరంతా వణికించిన భూతాన్ని చివర పట్టుకొని ముసుగు లాగితే లోపల ఉండేది మనిషే. చాలాసార్లు ఆస్తికో డబ్బుకో ఆశపడి వేషం వేసినవాడు.

ఈ సినిమాలో స్నేహితులు స్కాట్లండ్ దేశం వెళతారు. అక్కడ లాక్ నెస్ సరస్సు ఒడ్డున డాఫ్నీకి అక్క వరసయ్యే అమ్మాయి కోట ఉంది. సరస్సులోని భూతం బయటికి వచ్చి అందరినీ తరుముతోందని ఊరంతా భయం. తీరా చూస్తే నీటిలో తిరిగింది మనుషులు నడిపే జలాంతర్గామి. నేల మీద కనిపించినదీ మనుషులు చేసిందే. చేసినవారిలో ఒకరు చదువుకున్న ప్రొఫెసరమ్మ. ఆమెకు డబ్బు మీద ఆశ లేదు. సరస్సులో నిజంగానే ఆ ప్రాణి ఉందని ఆమె గట్టి నమ్మకం. పేరున్న మ్యూజియం అధికారి ఒకాయన నమ్మడం లేదు. ఆయనను నమ్మించి వెతుకులాటలోకి దించాలని దొంగ భూతాన్ని తయారుచేసింది.

నేను అక్కడ ఆగిపోయాను. తాను నిజమని నమ్మినదాన్ని ఇతరులు నమ్మడానికి ఆమె అబద్ధం సాయం తెచ్చుకుంది!

అసలు సరస్సు సంగతి

"అవ్వా, ఆ చెరువు నిజంగా ఉండాదా?" అని అడిగాడు మనవడు. ఉంది. దాదాపు 36 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 200 మీటర్లకు మించిన లోతు. నీళ్లు నల్లగా ఉంటాయి, కొంత లోతు దాటితే కింద ఏముందో కనిపించదు. కనిపించని చోట కథలు పుట్టడం సహజమే కదా.

మొదటి కథ క్రైస్తవ చరిత్రలోనే ఉంది. ఐర్లండ్ నుండి స్కాట్లండ్‌కు సువార్త తెచ్చిన కొలంబా 6వ శతాబ్దపు దైవజనుడు. నెస్ నదిలో ఈదుతున్న మనిషి మీదికి ఒక జంతువు రాగా, ఆయన సిలువ గుర్తు వేసి ఆజ్ఞాపించగానే అది వెనుదిరిగిందని అడమ్నాన్ అనే సన్యాసి రాశాడు. కొలంబా చనిపోయిన సుమారు 100 ఏండ్ల తర్వాత రాసిన సంగతి అది.

ఈ కాలపు గోల 1933లో మొదలైంది. సరస్సులో పెద్ద జంతువు కనిపించిందని పత్రికలు రాశాయి. ఆ సంవత్సరం చివరలోనే ఒడ్డున దొరికిన అడుగుల గుర్తులు ఎండబెట్టిన నీటిగుర్రం కాలుతో వేసినవని తేలింది. 1934లో పొడవాటి మెడ ఉన్న జంతువు ఫోటో ఒకటి అచ్చయింది. దాన్ని తీసినవాడు లండను డాక్టరని చెప్పడంతో జనం నమ్మారు. 60 ఏండ్లు గడిచాక, 1994లో అసలు సంగతి లోకానికి తెలిసింది. ఆ జంతువు బొమ్మ జలాంతర్గామి మీద అతికించిన తల! 2018లో శాస్త్రజ్ఞులు సరస్సులో చాలాచోట్ల నీళ్లు తీసి, అందులో ఏయే ప్రాణుల జాడలున్నాయో పరీక్షించారు. 2019లో ఫలితం చెప్పారు. పెద్ద సరీసృపాల జాడ ఏదీ లేదు, మలుగు చేపల జాడలు మాత్రం విస్తారంగా ఉన్నాయి.

మా ఊరి బావి

ఇదంతా విన్నాక మనవడు కాసేపు ఊరకున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూస్తూ అడిగాడు: "అవ్వా, మన దిగుడు బాయిలో దయ్యం ఉండాదని చెప్తివి కదా. అది కూడా నువ్వే చేసినావా?"

నాకు నోట మాట రాలేదు.

మా ఊరి చివర పాత దిగుడు బావి ఒకటుంది. మెట్లు విరిగిపోయాయి, గోడ రాళ్లు కదులుతున్నాయి. పిల్లలు అటు పోతారని నాకు భయం. జాగ్రత్తలు చెప్తే వినరని, నా చిన్నప్పుడు మా అవ్వ చెప్పినట్టే నేనూ చెప్పాను: "బాయిలో దయ్యం ఉండాది, పోతే పట్టుకుంటాది." పిల్లలు అటు పోవడం మానేశారు. నా ఉపాయం పారిందని సంతోషించాను.

కానీ అబద్ధం మనం పెట్టిన చోట ఉండదు. మనవడు రాత్రిపూట పెరట్లోకి పోవాలన్నా తోడు అడగడం మొదలుపెట్టాడు. చిన్నవాడు నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. అంతకంటే పెద్ద సంగతి నాకు ఆ రోజే తెలిసింది. బావికి దగ్గరలో పాత కొట్టంలో ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. "ఆ అవ్వ రోజూ బాయి పక్కనే ఉంటాది, దయ్యం ఏమీ చేయదు. అంటే దయ్యం ఆమెదే" అని పిల్లలు తమలో తాము అనుకున్నారట. ఆమె వాకిట్లో బంతి పడితే తెచ్చుకోరు. ఎదురైతే పరుగు. ఒకసారి ఎవరో రాయి కూడా విసిరారట.

మంత్రగత్తె అని, చేతబడి చేస్తుందని ముద్ర వేసి ఒంటరి ఆడవాళ్లను హింసించిన సంగతులు మన రాష్ట్రాల్లో ఎన్నోసార్లు పేపర్లలో చదివాం. అవి మొదలయ్యేది ఇలాంటి చిన్న మాటలతోనే కదా! నా నోటి నుండి వచ్చిన మాట ఒక విధవరాలి వాకిట్లో రాయై పడింది.

సాయంత్రం మనవళ్లిద్దరినీ తీసుకొని ఆమె ఇంటికి వెళ్లాను. జరిగింది చెప్పి, "అక్కా, తప్పు నాది, క్షమించు" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పిల్లోళ్లు నన్ను చూసి ఎందుకు పరిగెత్తుతారో ఇన్నాళ్లూ తెలీలేదు చెల్లీ. నా మొగమే అట్లుందేమో అనుకొంటి." లోపలికి వెళ్లి ఉడకబెట్టిన చెనిక్కాయలు తెచ్చి పిల్లల చేతుల్లో పోసింది. చిన్నవాడు భయం భయంగానే తీసుకొని, ఒకటి వొలిచి తిన్నాక ఇంకో దోసిలి అడిగాడు.

మర్నాడు మా అబ్బాయి పిల్లలను చెయ్యి పట్టుకొని బావి దగ్గరికి తీసుకెళ్లాడు. విరిగిన మెట్లు, కదిలే రాళ్లు చూపించి, పడితే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత చుట్టూ ముళ్లకంప వేయించాడు. నేను ఎప్పుడో చేయించవలసిన పని అది.

అన్నీ ముసుగులేనా?

పిల్లల ప్రశ్నలు ఒకదానితో ఆగవు. "అయితే అవ్వా, మనకు కనపడనివన్నీ అబద్ధాలేనా?" అన్నాడు మనవడు. ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదనుకొన్నాను. మన కడప జిల్లాలోనే జరిగిన ఒక సంగతి చెప్పాను.

కలివికోడి అని ఒక చిన్న పక్షి. పగలు కంపచెట్ల చాటున దాక్కొని రాత్రిపూట నేల మీద పరుగెత్తుతూ పురుగులను ఏరుకు తింటుంది. జెర్డన్ అనే డాక్టరు వల్ల 1848లో ఇది శాస్త్రజ్ఞులకు తెలిసింది. 1900లో అనంతపురం ప్రాంతంలో దాన్ని చూసినట్టు నమోదు చేసినవాడు హోవర్డ్ క్యాంప్‌బెల్. ఆయన మన రాయలసీమలో పనిచేసిన లండన్ మిషన్ మిషనరీ. ఆ తర్వాత 80 ఏండ్లకు పైగా దాని జాడ లేదు. ఆ జాతి అంతరించిందనే చాలామంది అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే శాస్త్రజ్ఞుడు వచ్చి వెతికాడు. పల్లెల్లో పిట్టలు పట్టేవారిని అడిగాడు. పుస్తకాల్లో అంతరించిన పక్షి వాళ్లకు పేరుతో సహా తెలుసు! 1986 జనవరిలో ఒక రాత్రి, స్థానిక వేటగాడు ఒకడు లైటు వెలుగులో దాన్ని పట్టుకొన్నాడు. 1988లో లంకమల అడవి అభయారణ్యమైంది. తెలుగుగంగ కాలువ దారిని కూడా ఈ పక్షి కోసం మార్చవలసి వచ్చింది.

లాక్ నెస్‌లో లేనిదాన్ని ఉందని చూపడానికి బొమ్మలు చేశారు. లంకమలలో ఎవరూ బొమ్మ చేయలేదు. ఓపికగా వెతికారు, చదువురాని పేదవాని మాటకు విలువ ఇచ్చారు, చీకట్లో దీపం పట్టుకొని నడిచారు. నిజం తానే బయటికి వచ్చింది.

పడవలో కేకలు

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మత్తయి సువార్త 14వ అధ్యాయం చదువుకున్నాం. రాత్రి నాలుగో జాము, గాలి, అలలు. నీళ్ల మీద ఎవరో నడిచి వస్తున్నారు. శిష్యులు భూతమని కేకలు వేశారు. ప్రభువు వారి భయాన్ని వాడుకోలేదు. వెంటనే మాట్లాడి తానెవరో చెప్పి ధైర్యపరిచాడు. పునరుత్థానం తర్వాత కూడా అంతే. శిష్యులు ఆత్మను చూస్తున్నామనుకొని భయపడినప్పుడు తన చేతులూ పాదాలూ చూపాడు, తాకి చూడమన్నాడు, వారి ఎదుట చేప తిన్నాడు. మన ప్రభువుకు ముసుగు లేదు. పరీక్షించి చూడమని పిలిచే సత్యం ఆయన.

దురాత్మలు లేవని నేను చెప్పడం లేదు. ప్రభువు వాటిని వెళ్లగొట్టిన సంగతి సువార్తల్లో చదువుతున్నాం. కానీ విరిగిన ప్రతి మెట్టుకూ, ఒంటరిగా బతికే ప్రతి ముసలమ్మకూ దయ్యం పేరు పెట్టే హక్కు మనకు లేదు.

ఇంకో మాట. ఆ ప్రొఫెసరమ్మ తప్పు మన సంఘాల్లోనూ ఉంది. సాక్ష్యం చెప్పేటప్పుడు కాస్త కలిపి చెప్తే వినేవారి విశ్వాసం పెరుగుతుందని కొందరు అనుకుంటారు. జ్వరం తగ్గితే చావు తప్పిందని చెప్తాం. ఎవరో పంపిన అద్భుతం వార్తను విచారించకుండా ఫోనులో పదిమందికి పంపుతాం. ఒకనాడు ముసుగు తొలగినప్పుడు, మన పిల్లలు ఆ అబద్ధంతో పాటు మనం చెప్పిన సత్యాన్ని కూడా పారేస్తే ఎవరిది బాధ్యత? కల్పించిన కథలను కాదు, కన్నులారా చూచినదాన్నే తెలియజేశామని పేతురు తన రెండవ పత్రికలో రాశాడు. ఆ మాట మనమూ చెప్పగలగాలి.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఇలాంటి సినిమా పిల్లలు చూస్తుంటే పక్కన కూర్చోండి. ఎవరు ఎందుకు వేషం వేశారో వారినే అడగండి. ఏ చీకటంటే, ఏ మనిషంటే వారికి భయమో తెలుసుకోండి. ఆ భయం మన మాట వల్లనే పుట్టి ఉంటే, తప్పు ఒప్పుకోవడానికి సిగ్గుపడకండి.

ఇప్పుడు మా మనవడు ఊరికి వచ్చినప్పుడల్లా ముందు ఆ కొట్టం దగ్గరికి పరుగెత్తుతాడు. రాత్రి పెరట్లోకి ఒక్కడే పోతాడు. పోయే ముందు మాత్రం గుమ్మంలో నిలబడి, "అవ్వా, నువ్వు మేలుకొనే ఉంటావు కదా?" అని అడుగుతాడు. ఉంటానని చెప్తాను. చెప్పినట్టే, వాడు తిరిగి వచ్చి పడుకునేదాకా మేలుకొనే ఉంటాను.